చన్నీటి స్నానం: ఒక బకెట్, ఒక చెంబు, మొదటి నిమిషం

కార్తీకం వచ్చిందంటే మా వీధిలో తెల్లవారుజామున నాలుగున్నరకే నీళ్ళ చప్పుడు మొదలవుతుంది. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు నలభై ఒక్క రోజులపాటు రెండు పూటలా చన్నీళ్ళతో తలస్నానం చేస్తారు. మొదటి మూడు రోజులు చెంబు చెంబుకూ శరణుఘోష ఉలిక్కిపడినట్టు గట్టిగా వినిపిస్తుంది. పదో రోజుకల్లా అదే గొంతు నెమ్మదిగా, నిలకడగా పలుకుతుంది. డిసెంబరు దగ్గరపడేకొద్దీ నీళ్ళు ఇంకా చల్లబడతాయే తప్ప వెచ్చబడవు. మారింది ఆ మనిషి ఊపిరి.

నాలుగేళ్ళుగా నేను ఆరోగ్యం కోసం చన్నీటి స్నానం చేస్తున్నాను. ఈ నాలుగేళ్ళలో నాకు బాగా అర్థమైనది ఒక్కటే. నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయన్నదానికన్నా, ఒంటిమీద పడిన తొలి నిమిషంలో మన ఊపిరిని మనం ఎలా పట్టుకున్నామన్నదే ముఖ్యం. ఆ పట్టు దొరికితే హైదరాబాద్‌లో మామూలు బకెట్ నీళ్ళే చాలు. గచ్చిబౌలి, జూబ్లీహిల్స్ వైపు జిమ్‌లలో కనిపించే మంచుగడ్డల తొట్టె లేకపోయినా లోటేమీ ఉండదు. ఆ పట్టు ఎలా తెచ్చుకోవాలో, ఎవరు దీని జోలికి వెళ్ళకూడదో, మే నెలలో చన్నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో వివరంగా చెబుతాను.

ఒంట్లో జరిగేది

చల్లటి నీళ్ళు వీపుమీద పడగానే చర్మం కింద చలిని పసిగట్టే నరాలు ఒక్కసారిగా మెదడుకు కబురు పంపుతాయి. అప్రయత్నంగా పెద్ద గుక్క లోపలికి వెళుతుంది. ఆ వెంటనే ఊపిరి వేగం పెరుగుతుంది, గుండె దడదడలాడుతుంది, చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పైకి లేస్తుంది. ఈ ఉలికిపాటు తొలి అరనిమిషంలో శిఖరానికి చేరి, రెండు మూడు నిమిషాల్లో దానంతట అదే సద్దుమణుగుతుంది. నీళ్ళు పదిహేను డిగ్రీలకన్నా చల్లగా ఉంటే ఇది చాలా తీవ్రంగా ఉంటుంది. చల్లటి చెరువులోకి ఒక్కసారిగా దూకినవాళ్ళలో ఈతగాళ్ళు సైతం మునిగిపోవడానికి ఆ మొదటి గుక్క ఒక ముఖ్య కారణం. ముఖం నీళ్ళలో ఉండగా గుక్క పడితే ఊపిరితిత్తుల్లోకి వెళ్ళేది నీరే.

ఈ ఉలికిపాటు అలవాటుతో తగ్గుతుంది. బ్రిటన్‌లోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయంలో చలినీటి మీద దశాబ్దాలుగా పనిచేస్తున్న శాస్త్రవేత్తలు దీన్ని కొలిచి చూపించారు. మూడేసి నిమిషాల చొప్పున అయిదారుసార్లు చన్నీళ్ళలో దిగితే చాలు, ఉలికిపాటు దాదాపు సగానికి పడిపోతుంది. పైగా ఆ అలవాటు కొన్ని నెలలపాటు ఒంట్లో నిలిచే ఉంటుంది. మాల వేసుకున్నవాళ్ళ గొంతు పదో రోజుకల్లా నిలకడ పట్టడానికి కారణం ఇదే.

మనసు సంగతికి వస్తే, చలికి ఒంట్లో నారడ్రినలిన్ పెరుగుతుంది. మనిషిని మెలకువగా, ఏకాగ్రతతో ఉంచే రసాయనం అది. 2000లో ప్రాగ్ పరిశోధకులు యువకులను 14 డిగ్రీల నీళ్ళలో గంటసేపు కూర్చోబెడితే రక్తంలో నారడ్రినలిన్ 530 శాతం, ఉత్సాహాన్నిచ్చే డోపమిన్ 250 శాతం పెరిగాయి. ఈ అంకెలను చాలామంది గొప్పగా చెబుతారు కానీ, గంటసేపు అన్న మాటను వదిలేస్తారు. మన బకెట్ స్నానం మూడు నిమిషాలదే కాబట్టి ఆ అంకెలను దానికి తగిలించడం సరికాదు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది 2023లో ఇంగ్లండ్‌లోని బోర్న్‌మత్ విశ్వవిద్యాలయం చేసిన చిన్న అధ్యయనం. చన్నీటి అలవాటు లేని 33 మందిని మెడ వరకు మునిగేలా అయిదు నిమిషాలు నీళ్ళలో ఉంచారు. ఆ నీళ్ళు 20 డిగ్రీలు. బయటికి వచ్చాక వాళ్ళు మరింత చురుకుగా, ఉత్సాహంగా ఉన్నామని, కంగారు, బెంగ తగ్గాయని చెప్పారు. మెదడు స్కాన్లలోనూ ఆ తేడాకు తగిన మార్పులు కనిపించాయి. 20 డిగ్రీలంటే మనకు కొత్తేమీ కాదు, జనవరిలో తెల్లవారుజామున మన డాబాల మీది ట్యాంకు నీళ్ళు దాదాపు అంతే ఉంటాయి.

ఒంటి ఆరోగ్యానికి సంబంధించి అన్నిటికన్నా పెద్ద ప్రయోగం నెదర్లాండ్స్‌లో జరిగింది. 2016లో ప్రచురించిన ఆ అధ్యయనంలో 3,018 మంది పాల్గొన్నారు. రోజూ వేడినీటి స్నానం చివర 30, 60, లేదా 90 సెకన్లు చన్నీళ్ళు పోసుకోవాలి, అలా ముప్ఫయి రోజులు. మామూలుగా స్నానం చేసినవాళ్ళతో పోలిస్తే వీళ్ళు అనారోగ్యంతో పనికి సెలవు పెట్టడం 29 శాతం తగ్గింది. జబ్బుపడిన రోజుల సంఖ్య మాత్రం తగ్గలేదు. అంటే పడిశం వీళ్ళకూ వచ్చింది, అయినా లేచి పనికి వెళ్ళగలిగారు. 30 సెకన్లకూ 90 సెకన్లకూ తేడా లేకపోవడం కూడా గుర్తుంచుకోదగ్గ విషయమే. 2025లో ఆస్ట్రేలియా పరిశోధకులు 11 అధ్యయనాలను, మొత్తం 3,177 మంది వివరాలను కలిపి చూశారు. ఒత్తిడి తగ్గడం స్నానం అయిన వెంటనే కాక పన్నెండు గంటల తర్వాత కనిపించింది. పొద్దున చేసిన స్నానం ఫలితం సాయంత్రం ఇంటికి తిరిగివచ్చే వేళకు తెలుస్తుందన్నమాట.

బరువు తగ్గడం కోసం మాత్రం దీన్ని మొదలుపెట్టకండి. పెద్దవాళ్ళలోనూ మెడ, భుజపుటెముకల దగ్గర వేడిని పుట్టించే గోధుమరంగు కొవ్వు ఉంటుందని 2009లో రుజువైన మాట నిజమే. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో ఎనిమిది మంది మధుమేహులను పది రోజులపాటు 14, 15 డిగ్రీల గదిలో రోజుకు కొన్ని గంటలు ఉంచితే ఇన్సులిన్ పనితీరు 43 శాతం మెరుగుపడిన మాటా నిజమే. కానీ గంటలకొద్దీ చలిలో ఉండటం వేరు, మూడు నిమిషాల స్నానం వేరు. మధుమేహం మాత్రలను దీన్ని నమ్ముకుని తగ్గించడం ప్రమాదం.

ముందుగా, ఎవరు చేయకూడదు

మా నాన్నగారికి గుండెలో స్టెంట్ వేశారు. నేను రోజూ చేయడం చూసి ఒకరోజు ఆయన తువ్వాలు భుజాన వేసుకుని వచ్చారు.

"నాన్నా, మీకు వద్దు."

"కార్తీక మాసంలో కృష్ణలో మునిగినవాణ్ణి రా నేను. నువ్వా నాకు చెప్పేది?"

ఆయన మునిగింది నలభై ఏళ్ళ కిందట, స్టెంట్ లేని గుండెతో. ఆ మాట అనడం నాకు కష్టమే అయింది కానీ అన్నాను. తర్వాత డాక్టరుగారూ అదే చెప్పారు. రక్తపోటు ఒక్కసారిగా లేవడం, రక్తనాళాలు ముడుచుకోవడం ఆరోగ్యవంతుడికి చిన్న పరీక్ష. పూడికలున్న గుండెకు అది పెద్ద బరువు.

కాబట్టి గుండెజబ్బు ఉన్నవారు, గుండె లయ తప్పేవారు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు, పక్షవాతం వచ్చినవారు దీని జోలికి వెళ్ళకండి. గుండె వేగాన్ని తగ్గించే మాత్రలు వాడేవారు, గర్భిణులు, మూర్ఛ ఉన్నవారు, చలిగాలికి ఆయాసం వచ్చేవారు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకండి. చలికి వేళ్ళు తెల్లబడి మొద్దుబారే జబ్బు ఉన్నవారికి ఇది నొప్పిని పెంచుతుంది. మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవారికి చలి ఎంత కొరుకుతోందో తెలియదు. ఐసు ముక్క పట్టుకుంటేనే దద్దుర్లు లేచేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి, ఒళ్ళంతా చన్నీళ్ళు పడితే వారికి ప్రాణాపాయం కలగవచ్చు. జ్వరం ఉన్నప్పుడు, మద్యం తాగినప్పుడు అసలు వద్దు. చిన్నపిల్లల ఒళ్ళు త్వరగా చల్లబడుతుంది, వాళ్ళను సరదాకైనా ఇందులోకి లాగకండి.

నలభై అయిదు దాటినవారు మొదలుపెట్టే ముందు ఒకసారి రక్తపోటు చూపించుకోవడం మంచిది. మన దగ్గర చాలామందికి ఉన్న సంగతే తెలియని జబ్బు అది.

కావలసినవి, నీళ్ళ వేడి

పద్దెనిమిది లీటర్ల బకెట్, లీటరు పట్టే చెంబు లేదా మగ్గు, పొడి తువ్వాలు, జారని నేల. వీటికి తోడు మూడు నాలుగు వందల రూపాయలకు దొరికే వంటింటి డిజిటల్ థర్మామీటరు ఒకటి. జ్వరం చూసేది ఇందుకు పనికిరాదు, దాని అంకెలు ముప్ఫయి పైనే మొదలవుతాయి.

థర్మామీటరు ఎందుకంటే, హైదరాబాద్‌లో 'చన్నీళ్ళు' అన్న మాటకు నెలకో అర్థం. మా ఇంట్లో నేను కొలిచిన లెక్క చెబుతాను. జనవరి మొదటి వారంలో పొద్దున అయిదున్నరకు డాబా మీది ట్యాంకు నీళ్ళు 19 డిగ్రీలు. అదే రోజు బోరు నీళ్ళు 27, చేతికి గోరువెచ్చగా తగిలాయి. భూమి లోపలి వేడి ఏడాది పొడవునా పెద్దగా మారదు కాబట్టి బోరు నీళ్ళు చలికాలంలో వెచ్చగా, ఎండాకాలంలో చల్లగా అనిపిస్తాయి. మే నెలలో సాయంత్రం నాలుగింటికి అదే ట్యాంకు 41 చూపించింది. కుళాయి కింద చేయి పెట్టలేకపోయాను. మీ ఇంట్లో సంపు, ట్యాంకు, బోరు ఉంటే మూడింటినీ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలిచి గోడమీద రాసుకోండి. ఆ తర్వాత ఊహించుకునే పని ఉండదు.

మొదలుపెట్టడానికి 25, 26 డిగ్రీలు చాలు. నెల తిరిగేసరికి 20 దగ్గరికి వస్తే సరిపోతుంది. 15 కన్నా కిందికి వెళ్ళడం వల్ల అదనంగా వచ్చే మేలుకన్నా ప్రమాదమే ఎక్కువని నా నమ్మకం.

మొదలుపెట్టడానికి మంచి కాలం అక్టోబరు చివర, నవంబరు. వాన వెలిసి నీళ్ళు రోజురోజుకీ కొద్దికొద్దిగా చల్లబడుతుంటాయి. మనం అలవాటుపడే వేగానికి సరిగ్గా సరిపోయేలా కాలమే నీళ్ళను సిద్ధం చేసిపెడుతుంది.

మొదటి వారం: కాళ్ళు, చేతులు

మామూలుగా గీజర్ నీళ్ళతో స్నానం చేయండి. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడన్న సామెత ఇక్కడ ఉన్నదున్నట్టు వర్తిస్తుంది. నెదర్లాండ్స్ ప్రయోగంలో చేసిందీ ఇదే. స్నానం చివర మూడు చెంబుల చన్నీళ్ళు పాదాల నుంచి మోకాళ్ళ దాకా, తర్వాత మూడు చెంబులు ముంజేతుల మీద పోసుకోండి. అక్కడితో ఆపండి. తలుపు గడియ పెట్టకుండా దగ్గరగా వేసి, ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్ళండి.

ఇంత తక్కువతో ఏమి లాభం అనిపిస్తుంది. నేను అలాగే అనుకుని, మొదటిరోజే నెత్తిమీద బకెట్ కుమ్మరించుకున్నాను. గుక్క పట్టేసింది. కళ్ళు తిరిగి గోడ పట్టుకుని నిలబడ్డాను. చేతికి కుళాయి తగిలి గీరుకుపోయింది. పది రోజుల దాకా మళ్ళీ ఆ వైపు వెళ్ళబుద్ధి కాలేదు. మన పెద్దవాళ్ళు నదిలో దిగేటప్పుడు ముందు పాదాలు తడిపి, నీళ్ళు చల్లుకుని, మెల్లగా నడుము లోతుకు వెళ్ళి, ఆ తర్వాతే మునిగేవారు. ఆ వరసలో దైవభక్తితోపాటు ఒంటి ఎరుక కూడా ఉంది.

రెండో వారం: ఒక చెంబుకు ఒక ఊపిరి

మొత్తం పద్ధతిలో ఇదే కీలకం కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

చన్నీళ్ళు భుజాల మీదికి వచ్చేది ఈ వారంలోనే. చెంబు నింపండి. పోసుకునే ముందు మామూలుగా ఊపిరి పీల్చుకుని, ఇప్పుడు మెల్లగా వదలడం మొదలుపెట్టండి. సాసర్‌లో పోసిన ఇరానీ చాయ్‌ని చల్లార్చడానికి ఊదుతామే, అలా పెదవులు సున్నాలా చుట్టి, సన్నగా, తొణకకుండా ఊదాలి. ఊదుతూ ఉండగానే కుడి భుజం మీద చెంబు వంచండి. నీళ్ళు తగలగానే గుక్క లోపలికి లాగాలని ఛాతీ ఎగదన్నుతుంది. ఆ క్షణంలో ఊపిరి బయటికి వెళుతూ ఉంటే గుక్కకు చోటు దొరకదు. మనసులో ఆరు లెక్కపెట్టే దాకా ఊదండి. తర్వాత ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ పీల్చండి. మళ్ళీ చెంబు, మళ్ళీ ఊదడం, ఈసారి ఎడమ భుజం. తర్వాత ఛాతీ. చివర వీపు. నా ఒంటిలో అన్నిటికన్నా ఎక్కువగా ఉలికిపడేది వీపే, అందుకే దాన్ని చివరకు ఉంచాను.

మొదటి రోజుల్లో ఆరు లెక్క రాదు. మూడు దగ్గరే ఊపిరి తెగిపోతుంది. అప్పుడు చెంబు కింద పెట్టి, ఊపిరి కుదుటపడే దాకా నిలబడండి. తొందరపడి వరసగా గుమ్మరించుకుంటే స్నానమైతే పూర్తవుతుంది కానీ నేర్చుకునేది ఏమీ ఉండదు. ఊపిరి చేతికి వచ్చాకే తర్వాతి చెంబు.

ఆరు సెకన్లు వదలడం, నాలుగు సెకన్లు పీల్చడం, కలిపి పది సెకన్లు. నిమిషానికి ఆరు ఊపిరులు. గుండె వేగాన్ని, రక్తపోటును నెమ్మదింపజేసే ఊపిరి ఆ వేగానికి దగ్గరగా ఉంటుందని వైద్యులు గుర్తించారు. పద్దెనిమిది చెంబుల బకెట్‌ని ఈ లెక్కన వాడితే సరిగ్గా మూడు నిమిషాలు పడుతుంది. గడియారం అక్కరలేదు, బకెట్ అడుగు కనిపించడమే గుర్తు.

ఈ వారం మాత్రం ఆరు చెంబులు, అంటే ఒక నిమిషం చాలు.

ఇంటర్నెట్‌లో చూసి వేగంగా, లోతుగా ముప్ఫయి నలభైసార్లు ఊపిరి పీల్చి, తర్వాత బిగబట్టి నీళ్ళలోకి దిగేవాళ్ళు ఉన్నారు. దయచేసి నీళ్ళ దగ్గర ఆ పని చేయకండి. వేగంగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి, ఊపిరి కావాలన్న హెచ్చరిక రాకుండానే స్పృహ తప్పుతుంది. తొట్టెలో, ఈతకొలనులో అలా ప్రాణాలు పోయాయి.

మూడు, నాలుగు వారాలు

మూడో వారంలో వేడినీళ్ళు మానేయండి. నేరుగా చన్నీళ్ళతో, అదే వరసలో, పాదాలు, మోకాళ్ళు, చేతులు, భుజాలు, ఛాతీ, వీపు. పన్నెండు చెంబులు. నాలుగో వారంలో పూర్తి బకెట్. తలమీద పోసుకోవడం ఇష్టమైతే నాలుగో వారంలోనే, అదీ చివరి మూడు చెంబులు. తలస్నానం రోజూ అవసరం లేదు.

ఎప్పుడు ఆపాలో తెలిసి ఉండాలి. చిన్నగా వణుకు రావడం మామూలే, ఒళ్ళు వేడి పుట్టించుకుంటోందని దాని అర్థం. చర్మం ఎర్రబడటం, కాసేపు సూదులు గుచ్చినట్టు అనిపించడం కూడా పరవాలేదు. వేళ్ళు తెల్లబడినా, మాట తడబడినా, తల తిరిగినా, ఛాతీలో పట్టేసినట్టు అనిపించినా వెంటనే ఆపి ఒళ్ళు తుడుచుకోండి. ఛాతీ నొప్పి తగ్గకపోతే 108కి ఫోను చేయండి.

స్నానం అయ్యాక ఒళ్ళు పొడిగా తుడుచుకుని, బట్టలు వేసుకుని కదలండి. నేను డాబా ఎక్కి ఎండ తగిలేచోట పది నిమిషాలు నడుస్తాను. నాలుగైదు సూర్యనమస్కారాలైనా మంచిదే. ఒళ్ళు లోపలి నుంచి వెచ్చబడటం, ముందు పొట్ట, తర్వాత భుజాలు, చివరకు వేళ్ళ కొసలు, ఒకదాని తర్వాత ఒకటి తెలుస్తుంది. రోజులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పది నిమిషాలు అవే. గీజర్ నీళ్ళు వెంటనే పోసుకుంటే ఆ పని ఒంటికి లేకుండా పోతుంది.

పడిశం పడుతుందని ఇంట్లో పెద్దవాళ్ళు భయపడతారు. పడిశం తెచ్చేది వైరస్, చన్నీళ్ళు కాదు. అయినా తడి తలతో బైకెక్కి చలిగాలిలో వెళ్ళడం ఎవరికీ హాయిగా ఉండదు కాబట్టి తల బాగా ఆరబెట్టుకోండి, వాళ్ళ మనసూ కుదుటపడుతుంది.

ఎండాకాలంలో

మార్చి దాటాక ట్యాంకు నీళ్ళ మీద ఆశ వదులుకోవాలి. తెల్లవారుజామున అయిదింటికి సంపులోంచి తోడుకున్న నీళ్ళు నయం. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి మట్టికుండ బాగా పనిచేస్తుంది. కుండ గోడల్లోంచి చెమ్మ ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది. రాత్రి పెద్ద రంజన్‌లో నీళ్ళు నింపి గాలి ఆడేచోట ఉంచితే పొద్దునకు స్నానానికి సరిపోయేంత చల్లబడతాయి. జూన్‌లో వానలు మొదలై గాలిలో తేమ పెరిగాక అదే కుండ అంతగా చల్లబరచదు.

ఐసు వాడాలనుకుంటే లెక్క ఇదీ. 28 డిగ్రీల నీళ్ళు పదిహేను లీటర్లు ఉన్న బకెట్‌లో, ఇంటి ఫ్రీజర్‌లో గడ్డకట్టిన కిలో ఐసు వేసి కరగనిస్తే నీళ్ళు దాదాపు 21 డిగ్రీలకు దిగుతాయి. రెండు కిలోలు వేస్తే 15 దగ్గరికి వస్తాయి. కాబట్టి ఒక కిలో చాలు. లీటరు పట్టే స్టీలు గిన్నెలో రాత్రి నీళ్ళు పెట్టండి, అంచు దాకా నింపకుండా. గడ్డకట్టేటప్పుడు నీరు తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది. పొద్దున గిన్నె అడుగున కాసిని నీళ్ళు పోస్తే గడ్డ జారి వస్తుంది. బకెట్‌లో వేసి, కలిపి, కొలిచి, అప్పుడు స్నానం.

స్నానాల తొట్టె కొనాలా అని అడిగేవాళ్ళకు నా సమాధానం వద్దనే. ఒకసారి నింపడానికి నూటయాభై లీటర్లకు పైనే కావాలి. ఏప్రిల్ వచ్చేసరికి ట్యాంకర్ కోసం ఎదురుచూసే కాలనీల్లో ఉంటూ ఆ పని చేయడానికి నాకు మనసొప్పదు. బకెట్‌లో పద్దెనిమిది లీటర్లతో పని అయిపోతుంది, ఆ నీళ్ళు రోజూ స్నానానికి ఎలాగూ వాడేవే.

చెరువుల సంగతి ఒక్క మాటలో చెబుతాను. ఊరి చుట్టూ ఉన్న క్వారీ గుంతల్లో, లోతు తెలియని చెరువుల్లో దిగకండి. ఈతకొలనులో అయితే శీతకాలం పొద్దున్నే ఒంటరిగా దూకకుండా, మెట్లమీదుగా, కాపలా ఉన్న వేళలో దిగండి.

ఎండాకాలంలో చన్నీళ్ళు ప్రాణాన్నే నిలబెట్టే సందర్భం ఒకటుంది. వడదెబ్బ తగిలి ఒళ్ళు కాలిపోతూ, మాట తికమకపడుతున్న మనిషి కనిపిస్తే 108కి ఫోను చేసి, అంబులెన్సు వచ్చేలోగా నీడకు చేర్చి ఒళ్ళంతా చన్నీళ్ళు పోయండి. విసనకర్రతో విసరండి. మెడ, చంకలు, గజ్జల దగ్గర ఐసు పెట్టండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్ళు పోయకండి. అక్కడ ఒక్కో నిమిషమూ విలువైనదే.

మధ్యాహ్నపు చిన్న పద్ధతి: ముఖం ముంచడం

పూర్తి స్నానానికి వీలులేని వేళ, మనసు కుతకుతలాడుతున్నప్పుడు ఇది పనికొస్తుంది. వెడల్పాటి గిన్నెలో చల్లటి నీళ్ళు తీసుకోండి, గుప్పెడు ఐసు ముక్కలు వేయండి. ముందు మణికట్టు దగ్గర నాడి పట్టుకుని అరనిమిషం లెక్కపెట్టండి. తర్వాత మామూలుగా ఊపిరి తీసుకుని, బిగబట్టి, నుదురు, కళ్ళు, బుగ్గలు మునిగేలా ముఖాన్ని పదిహేను సెకన్లు ముంచండి. లేచి తుడుచుకుని వెంటనే మళ్ళీ నాడి లెక్కపెట్టండి. చాలామందికి గుండె వేగం తగ్గి కనిపిస్తుంది. ఊపిరి బిగబట్టి ముఖం చల్లబడితే గుండెను నెమ్మదింపజేసే నరానికి సంకేతం అందుతుంది. నీళ్ళలో మునిగే క్షీరదాల్లో, పక్షుల్లో కూడా ఉన్న లక్షణమే ఇది. గుండె లయ తప్పేవారు మాత్రం ఇదీ చేయకూడదు.

వ్యాయామం, నిద్ర

కండలు పెంచడానికి బరువులు ఎత్తేవారు ఆ వెంటనే మంచు తొట్టెలో దిగకండి. 2015లో వెలువడిన అధ్యయనంలో, పన్నెండు వారాలపాటు వ్యాయామం తర్వాత 10 డిగ్రీల నీళ్ళలో పది నిమిషాలు కూర్చున్నవారికి, తేలిగ్గా సైకిలు తొక్కి చల్లబడినవారికన్నా కండ తక్కువ పెరిగింది. పొద్దున స్నానం, సాయంత్రం జిమ్ అయితే ఇబ్బంది లేదు. పరుగు, క్రికెట్, బ్యాడ్మింటన్ ఆడి మర్నాడు మళ్ళీ ఆడాల్సినవారికి మాత్రం కండరాల సలుపు తగ్గించడానికి చన్నీళ్ళు ఉపయోగపడతాయి.

రాత్రి పడుకోబోయే ముందు చన్నీటి స్నానం నేను చేయను. చలి మెలకువను పెంచుతుంది. నిద్ర కోసమైతే పడుకోవడానికి గంట, రెండు గంటల ముందు వేడినీటి స్నానమే మేలని పరిశోధనలు చెబుతున్నాయి. వేడినీళ్ళకు చర్మంలోని రక్తనాళాలు తెరుచుకుని, లోపలి వేడి బయటికి పోయి, నిద్ర త్వరగా పడుతుంది.

మనసు గురించి

ఈ స్నానంవల్ల నాకు దక్కిన పెద్ద మేలు బాత్రూములో దక్కలేదు. ఒక సాయంత్రం పంజాగుట్ట దగ్గర సిగ్నల్ పడి, వెనకాల బండివాడు ఆపకుండా హారన్ కొడుతున్నాడు. ఛాతీ ఎగదన్నుతున్నట్టు అనిపించింది. చన్నీళ్ళు వీపున పడినప్పటి కదలికే అది. నాకు తెలియకుండానే పెదవులు సున్నా చుట్టి ఊదడం మొదలుపెట్టాను. ఆరు లెక్కపెట్టేసరికి చేతులు స్టీరింగ్ మీద సడలాయి. రోజూ పొద్దున పద్దెనిమిదిసార్లు చేసిన పని అది. ఒళ్ళు దాన్ని గుర్తుపెట్టుకుంది.

దిగులు రోజుల తరబడి వదలకపోతే, నిద్ర, తిండి చెడితే, చచ్చిపోవాలన్న తలపు వస్తే చన్నీళ్ళను నమ్ముకుని కూర్చోకండి. డాక్టరును కలవండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. వాడుతున్న మందులను స్నానం పేరుతో మానకండి.

నెల తర్వాత రోజూ చేయాలన్న నియమం పెట్టుకోనక్కరలేదు, వారానికి నాలుగైదు రోజులు చాలు. ఊరెళ్ళి, జ్వరమొచ్చి, పరీక్షలొచ్చి మధ్యలో ఆగిపోతే మళ్ళీ కాళ్ళు చేతుల దగ్గరికి వెనక్కి వెళ్ళే పని లేదు. పోర్ట్స్‌మత్ లెక్క ప్రకారం అలవాటు ఒంట్లో నెలలపాటు ఉంటుంది. రెండో వారం దగ్గర, ఆరు చెంబులతో, ముందు కుడి భుజంతో మళ్ళీ మొదలుపెట్టండి. జబ్బుపడి లేచినవారు మాత్రం ఒంట్లో పూర్తిగా సత్తువ వచ్చాకే.